అమెరికా టీవీ నటన: ఏడాది కోర్సా, ఎంఎఫ్‌ఏనా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ అయిపోయింది. అమెరికా వెళ్లి టీవీ నటుణ్నవుతానంటున్నాడు. లాస్ ఏంజెలిస్‌లో ఏడాది యాక్టింగ్ కోర్సు మంచిదా, మూడేళ్ల ఎంఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్‌లో పీజీ) మంచిదా? ఎంఎస్‌లో చేరి వీకెండ్లలో ఆడిషన్లు ఇచ్చుకోమని నేనంటున్నాను. - ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: అడిగింది కోర్సు గురించే గానీ, మీ భయం వేరే. డబ్బూ పోయి, పిల్లాడు ఎటూ కాకుండా పోతాడేమోనని. ముందు దాని సంగతి చూద్దాం.

అక్కడ టీవీ నటుడి జీవితంలో సగానికి పైగా ఎదురుచూపే. నటుడు జాన్ హామ్ 1995లో లాస్ ఏంజెలిస్ చేరాడు. వేషాలు వెతికిపెట్టే ఏజెన్సీ వదిలేసింది, రెస్టారెంట్లలో వెయిటర్‌గా చేశాడు. పేరు తెచ్చిన ‘మ్యాడ్ మెన్’ సీరియల్ ప్రసారమయ్యేసరికి 2007, వయసు 36. ఈలోగా ఎవరికైనా దొరికేవి నాలుగు డైలాగుల కో-స్టార్ వేషాలు, అదృష్టం బాగుంటే ఒక ఎపిసోడ్ గెస్ట్ స్టార్. నటుల యూనియన్ కనీస రేటు రోజుకు 1,200 డాలర్ల పైమాటే. కానీ అలాంటి రోజులు ఏడాదికి నాలుగైతే? అందులో ఏజెంటుకి 10 శాతం.

అక్కడివాళ్లు ఆ ఖాళీని ప్లేట్లు మోసో, క్యాబ్ నడిపో గడిపేస్తారు. మీవాడికి ఆ వీలు లేదు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద అలా బయట పని చేయకూడదు. చదువయ్యాక ఓపీటీ, అంటే చదివిన రంగంలో పని చేసుకునే అనుమతి, 12 నెలలు. నటన స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సు కాదు కాబట్టి మరో 24 నెలల పొడిగింపు రాదు. ఆ 12 నెలల్లోనూ పని లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. పని వారానికి కనీసం 20 గంటలు ఉండాలి, అదీ చదువుకి సంబంధించిందే. ఆ తర్వాత ఓ-1బి (పేరున్న కళాకారులకిచ్చే వీసా) కావాలంటే పేరున్న పాత్రలు, పత్రికల్లో వచ్చిన రాతలు, యూనియన్, నిర్మాతల సంఘం ఇచ్చే అభిప్రాయ లేఖలు చూపాలి. కొత్త కుర్రాడికి ఏడాదిలో ఇవన్నీ ఎక్కణ్నుంచొస్తాయి?

అందుకే ఏడాది కోర్సుల మీద నాకు నమ్మకం తక్కువ. బ్రోషర్లో స్టూడియో ఫొటోలు బాగానే ఉంటాయి. మీరు మాత్రం ఏ వీసా ఇస్తారో అడగండి. ఎం-1 (వృత్తి కోర్సుల వీసా) అయితే నాలుగు నెలల చదువుకు ఒక నెల ప్రాక్టికల్ ట్రైనింగ్, అంటే ఏడాదికి మూడు నెలలే. ‘ముందు ఇంత కట్టండి, ఏజెంటుని చూపిస్తాం’ అంటే ఫోన్ పెట్టేయండి. కాలిఫోర్నియా చట్టం ముందస్తు ఫీజుని ఒప్పుకోదు, ఏజెంటుకి దక్కేది వేషం వచ్చాక కమిషనే.

ఇక మీ ఉపాయం. ఆడిషన్లు మీ వీకెండ్ల కోసం ఆగవు సార్. సోమవారం సాయంత్రం సీను పంపి, బుధవారం పొద్దుటికల్లా సెల్ఫ్ టేప్ (ఇంట్లోనే తీసి పంపే ఆడిషన్ వీడియో) అడుగుతారు. వేషం దొరికిందనుకోండి, అనుమతి లేకుండా డబ్బు తీసుకుంటే వీసా స్టేటస్ పోతుంది, దాంతో ఎంఎస్సూ పోతుంది. వద్దనలేక మీరు పెట్టిన రాజీ ఇది. దెబ్బ తినేది వాడు.

నటన ఎంఎఫ్‌ఏలో యేల్ యూనివర్సిటీ 2021 నుంచి, న్యూయార్క్‌లోని జూలియార్డ్ స్కూల్ 2024 నుంచి ట్యూషన్ ఫీజు తీసేశాయి. సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, ఆడిషన్ గట్టిది. రాకపోతే కొంప మునగదు. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది, ఢిల్లీలో ఎన్‌ఎస్‌డీ (నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా) ఉంది. ఇక్కడ పేరు తెచ్చుకుంటే ఓ-1బి ఫైలుకీ అదే పనికొస్తుంది. నటుడికి ముప్ఫైల్లో మొదలవడం ఆలస్యం కాదు, కంగారు పడకండి.

ఈ నెల ఒక సెల్ఫ్ టేప్ తీయించండి. వెనక సాదా గోడ, ఫోన్ అడ్డంగా, కళ్ల ఎత్తులో. ఎదుటి పాత్ర డైలాగులు మీరే చదవండి. ఫ్రేములో కనపడకూడదు, గొంతు వాడి గొంతుని మించకూడదు.