అటువైపూ ఒక తండ్రి ఉన్నాడు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

గోవాను ఏలిన పోర్చుగీసు గవర్నరు జువావ్ ద కాస్త్రో మీద నువ్వు పంపిన రాతప్రతి రెండుసార్లు చదివాను. ఎత్తుకోవడమే గుజరాత్ తీరంలోని పోర్చుగీసు కోట దీవ్ ముట్టడితో ఎత్తుకున్నావు. ఫిరంగుల మోత, పొగ, హాహాకారాలు పన్నెండు పేజీలు. అంతా అయ్యాక కూడా ఆ మనిషి ఎలాంటివాడో నాకు తెలియలేదు.

1500లో లిస్బన్‌లో గొప్పింట పుట్టాడు, పద్దెనిమిదేళ్లకే ఉత్తర ఆఫ్రికాలోని టాంజియర్ వెళ్లి కత్తి పట్టాడు, 1545లో గవర్నరుగా గోవాలో దిగాడు. వీటికి రెండు వాక్యాలు చాలు. నువ్వు ఆగాల్సింది 1538 దగ్గర. ఆ ఏడు మన దేశానికి వస్తూ, ఓడ మీద మాటిమాటికీ సూర్యుడి నీడ కొలిచి, దిక్సూచి ముల్లు అసలు ఉత్తరానికి ఎంత పక్కకు తిరుగుతోందో రాసుకున్నాడు. నీడ కొలిచే ఆ పరికరం గణితవేత్త పేద్రు నూనిష్ ఆలోచన. మొజాంబిక్ దగ్గర లెక్క కుదరలేదు. ఎందుకా అని చూస్తే, పక్కనున్న ఫిరంగి ముల్లును తనవైపు లాగుతోంది! యుద్ధానికి తెచ్చుకున్న ఫిరంగి ఆ పూట అతనికి లెక్క పాడుచేసే వస్తువు. ఈ సంగతి నీ రాతలో ఎక్కడా లేదు. నాకైతే అతను మొదట ఇక్కడే కనబడతాడు, ముల్లు మీదికి వంగి.

ఇక గడ్డం సంగతి. 1546లో దీవ్‌లో మందుపాతర పేలి కొడుకు ఫెర్నాందు పోయాడు. నవంబరులో తండ్రి వచ్చి ముట్టడి ఛేదించాడు. గోడలు కూలిపోయి ఉన్నాయి, చేతిలో డబ్బు లేదు. 20,000 పర్దావులు (అప్పటి గోవా నాణేలు) అప్పివ్వమని గోవా నగర పెద్దలకు ఉత్తరం రాశాడు. కొడుకు ఎముకలు తవ్వించి తాకట్టు పంపుదామనుకున్నాడట, శవం ఇంకా ఆ స్థితికి రాలేదు. అందుకని తన గడ్డం వెంట్రుకలు పంపాడు. ఊరివాళ్లు డబ్బిచ్చి, వెంట్రుకలు గౌరవంగా తిప్పి పంపేశారు. నువ్వు దీన్ని ‘అపూర్వ త్యాగం’ అని ఒక్క మాటతో దాటేశావు. మీసం మీద చెయ్యేసి ఒట్టేసే మనవాళ్లకు గడ్డం విలువ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ మాట కొట్టేసి, కొడుకు గోరీ తవ్వించాలన్న ఆలోచన తండ్రికి వచ్చిన ఆ పూట రాయి.

అక్కడితో ఆగితే మాత్రం తప్పు చేసినదానివవుతావు. అటువైపు గుజరాత్ సుల్తాను తరఫున ముట్టడి నడిపిన ఖ్వాజా సఫర్ ఫిరంగి గుండు తగిలి చచ్చిపోయాడు. ఆ బాధ్యత ఎత్తుకున్న అతని కొడుకు రూమీ ఖాన్ నవంబరు యుద్ధంలో పోయాడు. ఒకే కోట గోడకు అటూ ఇటూ తండ్రీకొడుకులే. ఇదే కాస్త్రో గుజరాత్ తీరం వెంబడి ఊళ్లు తగలబెట్టించాడు. మరుసటి ఏడు రోమన్ల పద్ధతిలో తలకు ఆకుల కిరీటంతో గోవాలో ఊరేగాడు. తగలబడ్డ ఆ ఊళ్లకు నీ రాతలో పేర్లయినా లేవు. నా మొదటి చారిత్రక నవలలో నేనూ ఇలాగే ఒక్క పక్షపు ఏడుపే విన్నాను. అది ఇప్పటికీ నన్ను బాధిస్తూనే ఉంది.

మన పాఠకుడు ఆసక్తిగా చదివే సంగతి ఇంకొకటుంది. 1547లో కాస్త్రో విజయనగరంతో సంధి చేసుకున్నాడు. సింహాసనం మీద సదాశివరాయలు, పెత్తనం అళియ రామరాయలిది. గోవాలో దిగే గుర్రాలు విజయనగరానికే వెళ్లాలి, బీజాపూరుకు కాదు. నువ్వు దీన్ని అడుగున చిన్న అక్షరాల్లో పెట్టావు. పైకి తీసుకురా.

1548 జూన్ 6న గోవాలో పోయాడు. వైస్రాయ్ పదవి చేతికందింది దానికి కొద్దిరోజుల ముందే. ఆ అధ్యాయం బాగా రాశావు, దాని జోలికి వెళ్లకు.

ముందు ఖ్వాజా సఫర్ ఇంటి వైపు నుంచి ఒక అధ్యాయం రాసి పంపు. ఆ పన్నెండు పేజీల సంగతి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో.