కణత్వచమా, కణకవచమా?

సందేహం: జంతుకణం పటం గీసి, దాని అంచుకు మా పిల్లలు కొందరు ‘కణత్వచం’ అని, కొందరు ‘కణకవచం’ అని, మరికొందరు ‘కణపొర’ అని రాస్తున్నారు. ఏది రాసినా మార్కు వేయవచ్చునా? అలాగే కణానికి శక్తినందించే భాగాల గురించి రాసేటప్పుడు ‘మైటోకాండ్రియా ఉంటుంది’, ‘ఉంటాయి’, ‘మైటోకాండ్రియాలు’ అనే వాటిలో ఏది సాధువు?
– జీవశాస్త్రోపాధ్యాయురాలు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

సమాధానం: ‘కణకవచం’ రాసినవారికి మార్కు వేయకండి. చర్మం అనే అర్థమున్న ‘త్వచ్’ శబ్దం నుంచి వచ్చిన త్వచం ఒంటిలో భాగం. కవచం ఒంటి మీద తొడుక్కునేది. మొక్కల కణంలో త్వచానికి వెలుపల, ప్రధానంగా సెల్యులోజుతో ఏర్పడిన గట్టి గోడకు మాత్రమే కణకవచమని పేరు. జంతుకణానికి అది లేదు. అనంతపురం వైపు పిల్లలకైతే చెనక్కాయ చూపితే చాలు: పైతొక్క కవచం, గింజను అంటిపెట్టుకున్న ఎర్రని పొర త్వచం.

అయితే ఆ పోలిక అక్కడితో ఆగాలి. ఎందుకంటే కణత్వచం కేవలం చుట్టి ఉండే పొర కాదు. 1972లో సింగర్, నికల్సన్ ప్రతిపాదించిన నమూనా ప్రకారం అది రెండు వరుసల ఫాస్ఫోలిపిడ్ (ఒక రకం కొవ్వు) అణువుల మధ్య ప్రోటీన్లు కదలాడే ద్రవస్వభావం గల పొర, ఏది లోపలికి రావాలో ఏది బయటికి పోవాలో నియంత్రించేది. దాని మందం సుమారు 7 నుంచి 10 నానోమీటర్లే కాబట్టి బడిలోని సూక్ష్మదర్శినిలో విడిగా కనిపించదు. కాని తేడాను కళ్లారా చూపే మార్గం ఉంది. ఉల్లిపొరను గాఢమైన ఉప్పునీటిలో ఉంచి సూక్ష్మదర్శినిలో చూడండి. కొద్దిసేపటికి లోపలి పదార్థం ముడుచుకుని, త్వచంతో సహా గోడను వదిలి దూరంగా జరుగుతుంది, గోడ మాత్రం తన ఆకారంలో నిలిచి ఉంటుంది. ఎర్ర రక్తకణాన్ని మంచినీటిలో వేస్తే ఉబ్బి పగిలిపోవడానికి కారణం దానికి ఆ గోడ లేకపోవడమే. తెల్ల రక్తకణం ఆకారం మార్చుకుంటూ సూక్ష్మక్రిములను చుట్టి మింగగలగడం కూడా అందువల్లనే.

‘కణపొర’ సంస్కృత పదాన్ని తెలుగు పదంతో అతికించిన వైరి సమాసమని ఆక్షేపించేవారు ఉంటారు. ‘కణపు పొర’ అంటే ఆ చిక్కు తీరుతుంది, మాట కూడా అందంగా ఉంటుంది. పిల్లవాడికి విషయం తెలిసిందని రుజువవుతున్నప్పుడు సమాసదోషానికి మార్కు కోయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఇక రెండవది. మైటోకాండ్రియా మూలభాషలో బహువచనం, ఏకవచనం మైటోకాండ్రియన్. దారం, రేణువు అనే అర్థాలున్న గ్రీకు మాటలను కలిపి 1898లో బెండా ఈ పేరు పెట్టాడు. కాలేయ కణం ఒక్కదానిలోనే ఇవి వెయ్యికి పైగా ఉంటాయి కనుక ‘ఉంటుంది’ అనడం తగదు, ‘ఉంటాయి’ అనాలి. ‘మైటోకాండ్రియాలు’ కూడా తప్పు కాదు. ఎరువు తెచ్చుకున్న మాట మూలంలో ఏ వచనమైనా, తెలుగు దాన్ని ప్రాతిపదికగా తీసుకుని ‘లు’ చేరుస్తుంది. మన పల్లెల్లో వాడే ‘ఆసామి’ అరబ్బీలో ‘పేర్లు’ అనే బహువచనం. మనం ఒక మనిషిని ఆసామి అని, పలువురిని ఆసాములు అని నిస్సంకోచంగా అంటున్నాం. ఒక్కదాన్నే చెప్పవలసి వస్తే ‘ఒక మైటోకాండ్రియన్’ అనండి.

‘ప్రతి జంతుకణంలోను మైటోకాండ్రియా ఉంటాయి’ అని ఎవరైనా రాస్తే వ్యాకరణం సరిగానే ఉన్నా ‘ప్రతి’ని దిద్దండి, మనిషి రక్తంలోని పరిణత ఎర్ర కణాల్లో కేంద్రకమూ లేదు, మైటోకాండ్రియా కూడా లేవు.