చదరంగం టోర్నమెంటులో ఆలోచనా సమయాన్ని ఎలా పంచుకోవాలి?

హన్మకొండలో చదరంగం నేర్చుకుంటున్న ఒక అమ్మాయి తండ్రి ప్రశ్న ఇది: 90 నిమిషాల ఆటలో పాపకు చివర్లో ఎప్పుడూ సమయం చాలడం లేదు, ఏం చేయాలి?

ముందు లెక్క చూడండి. 90 నిమిషాలకు తోడు ఎత్తుకు 30 సెకన్లు కలిసే పద్ధతిలో 40 ఎత్తులకు 110 నిమిషాలు దొరుకుతాయి. సగటున ఎత్తుకు రెండు నిమిషాల 45 సెకన్లు. కానీ ఈ సగటును పట్టుకుని ఆడకూడదు. బాగా తెలిసిన ఆరంభానికి, తప్పనిసరిగా తిరిగి చంపాల్సిన పావుకు అర నిమిషం కూడా ఎక్కువే. మిగిలినదంతా ఆట మలుపు తిరిగే మూడు నాలుగు చోట్ల ఖర్చు పెట్టాలి. మంత్రులను మార్చుకోవాలా, రాజు ముందరి బంటును కదపాలా అనేవి అలాంటి చోట్లు. కదిపిన బంటు వెనక్కి రాదు కనుక అక్కడ పది నిమిషాలు పోయినా నష్టం లేదు.

నేను గమనించినంతవరకు పిల్లల సమయం కరిగిపోయేది కష్టమైన చోట కాదు, రెండు మంచి ఎత్తుల మధ్య ఊగిసలాడే చోట. రెండూ బాగుంటే ఏదో ఒకటి ఆడేయాలి.

స్కోర్‌షీటులో, అంటే ఆడిన ఎత్తులు రాసుకునే కాగితంలో, ఎత్తు పక్కనే గడియారంలో మిగిలిన సమయం రాయమనండి. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) నియమాలు దీన్ని అనుమతిస్తాయి. ఇంటికొచ్చాక ఆ కాగితం చూస్తే, 12వ ఎత్తుకే పావుగంట ఎందుకు పోయిందో పాపే చెప్పగలుగుతుంది.

ప్రత్యర్థి ఆలోచిస్తున్నప్పుడు పాప వ్యూహం గురించి ఆలోచించాలి, తన గడియారం నడుస్తున్నప్పుడు కచ్చితమైన లెక్కలు వేయాలి. వరంగల్‌లో పుట్టి 14 ఏళ్లకే గ్రాండ్‌మాస్టరైన అర్జున్ ఇరిగేశి ఆటలను ప్రత్యక్ష ప్రసారంలో చూసేటప్పుడు, ప్రతి ఎత్తుకు ఆయన తీసుకున్న సమయాన్ని కూడా రాసుకోమనండి.