‘తప్పిపోయినవారి కోసం నిరీక్షణ’ – ఈ మాట సరైనదేనా?

సందేహం: చర్చికి రావడం మానేసినవారిని మళ్ళీ పిలుద్దామని ఒక కార్డు తయారుచేశాం. దానిమీద ‘తప్పిపోయినవారి కోసం నిరీక్షణ’ అని రాశాం. అది చూసిన మిత్రుడొకరు, “నిరీక్షణ అంటే ఎదురుచూడటం కదా! ఎవరో కనబడకుండా పోతే వేసే ప్రకటనలా ఉంది. ‘ఆశ’ అని మార్చండి” అన్నారు. మార్చాలా?

సమాధానం: మీ మిత్రుడికి వచ్చిన అనుమానం సహజమే. అయితే మార్చాల్సింది ‘నిరీక్షణ’ను కాదు, దాని ముందున్న ‘కోసం’ను. ‘బస్సు కోసం నిరీక్షణ’ అంటే ఎవరికైనా ఎదురుచూపే తడుతుంది. బైబిలు తెలుగులో నిరీక్షణ ‘కలిగి’ ఉంటారు. ‘విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ’ (1 కొరింథీ 13:13) అన్నచోట అది ‘నమ్మకంతో కూడిన ఆశ’ అనే అర్థమున్న గ్రీకు మాట ‘ఎల్పిస్’కు తెలుగు. కాబట్టి ‘తప్పిపోయినవారికి నిరీక్షణ ఉంది’ అంటే చిక్కు విడిపోతుంది.

‘ఆశ’ చెడ్డ మాట కాదు. కానీ తెలుగులో దాని చుట్టూ పేరాశ, దురాశ, ఆశపోతు చేరి ఉన్నాయి. పైగా ‘ఆశపడ్డాను’ అనగానే దక్కలేదేమో అనిపిస్తుంది. బైబిల్లో ఉత్తరంగా ఉన్న హెబ్రీ పత్రిక (6:19) ఈ నిరీక్షణను లంగరుతో పోల్చింది. ఆ బరువు ‘ఆశ’ మోయలేదు.

నిరీక్షణలో ఉన్నది ‘ఈక్ష్’ ధాతువు, అంటే చూడటం. ప్రతీక్ష, పరీక్ష, వీక్షణ అన్నీ దాని సంతానమే. పట్టించుకోకుండా వదిలేసే ‘ఉపేక్ష’ కూడా! మన అచ్చతెలుగు ‘ఎదురుచూపు’లోనూ ఉన్నది చూపే. కీర్తనల్లో దేవుని కోసం కనిపెట్టుకొని ఉండటాన్ని చెప్పే హీబ్రూ క్రియ ‘ఖావా’కు కూడా ఎదురుచూడటం, ఆశించడం రెండూ అర్థాలే. లూకా సువార్త 15వ అధ్యాయంలోని కథలో, ఇల్లు విడిచిపోయి తిరిగొస్తున్న చిన్నకొడుకు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి చూశాడు. అంత దూరాన ఉన్నవాడు కనబడ్డాడంటే ఆయన కళ్ళు ఆ దారినే ఉండి ఉంటాయి. నాకు ఎదురుచూపు, ఆశ ఒక్కటయ్యేది అక్కడే.

మీరు అడగలేదు గానీ, ‘తప్పిపోయిన’ గురించి కూడా చెప్పాలి. అదే అధ్యాయంలో వందలో ఒక గొర్రె, పదిలో ఒక నాణెం, ఇద్దరిలో ఒక కొడుకు దూరమవుతారు. గ్రీకులో మూడింటికీ ఒకటే క్రియ. తెలుగు అనువాదం మాత్రం గొర్రెకూ కొడుకుకూ ‘తప్పిపోయి’ అని వాడి, నాణెం దగ్గర ‘పోగొట్టుకొనిన’ అంది. ఎంత చక్కటి తెలుగు! కదిలే ప్రాణికే మనం తప్పిపోవడం అంటాం, నాణెం తప్పిపోయిందని ఎవరూ అనరు. ‘తప్పిపోయాడు’కీ ‘తప్పు చేశాడు’కీ దూరముంది, నిజమే. కానీ వినేవాడి చెవిలో ‘తప్పు’ గుచ్చుకుంటుంది. ‘పోగొట్టుకున్నాం’ అన్నప్పుడు నష్టమూ వెతకాల్సిన పనీ మనవి అవుతాయి. కొందరు రాసే ‘విశ్వాసభ్రష్టులు’ అన్న మాట మాత్రం దయచేసి కార్డు దరిదాపులకు రానివ్వకండి. తిట్టు చదివి ఎవరూ వెనక్కి రారు.

నన్నడిగితే ‘తప్పిపోయినవారు’ కూడా వద్దంటాను. ‘మిమ్మల్ని పోగొట్టుకున్నాం. మీ కోసం ఎదురుచూస్తున్నాం’ అని రాయండి. ఆ కథలో తండ్రి ‘తప్పిపోయి దొరకెను’ అన్నది పనివాళ్ళతో ఒకసారి, పెద్దకొడుకుతో ఒకసారి. తిరిగొచ్చిన చిన్నవాడి ముఖాన ఆ మాట అనలేదు. వాడికి చెప్పులు తొడిగించాడు.