బిండెమిడెల్ అంటే 'బంధన మాధ్యమం' అనొచ్చా?

సందేహం: డెన్మార్క్‌లో ఉంటున్నానండి. మా ఊళ్ళో కొబ్బరిచిప్పల బొగ్గుతో గ్రిల్ బిళ్ళలు చేద్దామనుకుంటున్న వాళ్ళ కోసం ఒక డేనిష్ కాగితాన్ని తెలుగు చేస్తున్నా. అందులో 'బిండెమిడెల్: స్తీవెల్సె' అని ఉంటే 'బంధన మాధ్యమం: పిండిపదార్థం' అని రాశాను. చదివి వినిపిస్తే మా నాన్నగారు ఏమీ అర్థం కాలేదన్నారు.

సమాధానం: నాన్నగారు చెప్పిందే కరెక్టండి. 'బిండె' అంటే కట్టడం, 'మిడెల్' అంటే సాధనం, ఆ రెండు ముక్కల్ని విడివిడిగా తెలుగు చేసి అతికించారు మీరు, ఇబ్బంది అక్కడే వచ్చింది. డేనిష్‌లో మాట చివర మిడెల్ వస్తే 'ఫలానా పని చేసే పదార్థం' అని, అంతకుమించి బరువేమీ లేదు. డాక్టరు ఇచ్చే మందు లేగెమిడెల్, బట్టలుతికే పౌడర్ వాస్కెమిడెల్, పొలంలో పిచికారీ చేసేది స్ప్రోయ్టెమిడెల్. చూడండి, మొదటిదీ చివరిదీ మనకి రెండూ మందే, పొలానికి కూడా 'మందు కొట్టాం' అనే కదా అంటాం, నాకు ఈ పోలిక భలే నచ్చుతుంది. కానీ బట్టల పౌడర్‌ని మందు అనం. అంటే మిడెల్‌కి ఒకే తెలుగు మాట పెట్టుకుని అన్నిచోట్లా వాడటం కుదరదు, ఆ వస్తువు ఏం పని చేస్తోందో చూసుకోవాలి.

ఇక్కడ పనేంటి? బొగ్గుపొడిని పిడికిట్లో ఎంత నొక్కినా ఉండ కట్టదు, వేళ్ళ సందుల్లోంచి రాలిపోతుంది. దాన్ని పట్టి ఉంచేది కావాలి. దానికి జిగురు అని మన మాట ఉండనే ఉంది.

స్తీవెల్సె సంగతి ఇంకా బాగుంటుంది. 'స్తీవ్' అంటే వంగకుండా బిర్రుగా ఉండేది. గంజి పెట్టి ఆరేసిన నూలు చీర పెళపెళలాడుతూ నిలబడుతుందే, అచ్చం ఆ గుణం. 'పిండిపదార్థం' తప్పని కాదు, కానీ స్కూలు పుస్తకాల్లో ఆకుకి అయోడిన్ పరీక్ష చేసేటప్పుడు స్టార్చ్‌కీ అదే మాట, ఆహారం పాఠంలో కార్బోహైడ్రేట్లకీ అదే మాట, దాంతో చదివేవాళ్ళు తికమకపడతారు. ఉత్త 'పిండి' అంటే గోధుమపిండో బియ్యప్పిండో కలిపేస్తారు. గంజిపొడి అనండి. వేడినీళ్ళలో ఉడికాక అదే గంజి, అదే జిగురు.

ఇంకోచోట కూడా జాగ్రత్త. ఆ కాగితంలో 'కార్టోఫెల్‌మెల్' కనిపిస్తే 'మెల్' అంటే పిండి కదా అని బంగాళదుంప పిండి అని రాసేయకండి, డేన్‌లు ఆ పేరుతో అనేది బంగాళదుంప నుంచి తీసిన స్టార్చ్‌నే. మన కొట్లలో కార్న్‌ఫ్లోర్ అని అమ్మేది మొక్కజొన్న పిండి కాదు, స్టార్చ్, ఇదీ అంతే.

జిగురు అంటే ఫెవికాల్ లాంటిది అనుకుని ఎవరైనా భయపడతారేమో, మాంసమో కూరగాయలో పెట్టి కాల్చుకునే బొగ్గు కదా. యూరప్ ప్రమాణం ఈఎన్ 1860-2 కూడా ఇలాంటి బిళ్ళల్లో ఆహారానికి పనికొచ్చే రకం జిగురే వాడాలంటుంది. కాబట్టి ఆ రెండు మాటల్నీ విడగొట్టకుండా 'జిగురు కోసం గంజిపొడి' అని ఒక్క లైన్లో రాసి, నాన్నగారికి మళ్ళీ ఒకసారి చదివి వినిపించండి.