సిట్జెస్‌లో రెండు రాత్రులు

ప్రశ్న: నేను భీమవరంలో రొయ్యల ఎగుమతి సంస్థలో పనిచేస్తున్నాను. బార్సిలోనాలో ఏటా జరిగే సీఫుడ్ ఎక్స్‌పోకు ఈసారి ఏప్రిల్‌లో నన్నూ పంపుతున్నారు. నేను గేని, ఈ సంగతి ఇంట్లోగాని ఆఫీసులోగాని ఎవరికీ తెలియదు. పని ముగిశాక రెండు రోజులు, గేలు ఎక్కువగా వెళ్లే ఊరని పేరున్న సిట్జెస్‌లో గడపాలని ఉందండి. అక్కడ రాత్రి సందడి ఎలా ఉంటుంది, ఎక్కడ, ఎప్పుడు మొదలవుతుంది? భయం లేకుండా వెళ్లిరావచ్చా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: నిశ్చింతగా వెళ్లిరండి. స్పెయిన్‌లో ఇద్దరు మగవాళ్ల పెళ్లికి 2005 నుంచే చట్టబద్ధత ఉంది. మన దేశంలో ఇద్దరు వయోజన మగవాళ్లు ఇష్టపడి కలవడం నేరం కాదని సుప్రీంకోర్టు తేల్చింది 2018 సెప్టెంబరు 6న.

సిట్జెస్ బార్సిలోనాకు నైరుతి దిక్కున, లోకల్ రైల్లో ముప్పావుగంట లోపే చేరుకోగల చిన్న ఊరు. వీసా దరఖాస్తులో మీ లైంగికత గురించిన ప్రశ్న ఉండదు. అయితే ఆ రెండు రోజులనూ, అక్కడి బసనూ కలిపే దరఖాస్తు చేయండి. ఆ ఊరి పేరు చూసి ఆఫీసులో అనుమానిస్తారన్న బెంగ వద్దు, ఎందుకంటే బీచి కోసమూ, అక్టోబరులో జరిగే చలనచిత్రోత్సవం కోసమూ అక్కడికి అన్ని రకాల జనం వస్తారు.

గేలు ఎక్కువగా చేరే బస్సా రొడోనా బీచి ఊరి చివర ఎక్కడో చాటుగా లేదు, నడిబొడ్డునే ఉంది. నేను వెళ్లిన సాయంత్రం చర్చి మెట్ల మీద అరవై దాటిన ఇద్దరు పురుషులు కూర్చుని ఉన్నారు. ఒకరి చెప్పుల్లోని ఇసుకను రెండోవారు దులుపుతుంటే, పక్కనే ఐస్‌క్రీం తింటున్న పిల్లలు తలెత్తి కూడా చూడలేదు. మీరు రాత్రి సందడి గురించే ఎక్కువ అడిగారు గాని, ఆ సాయంత్రాన్ని మాత్రం వదులుకోవద్దని నా కోరిక.

రాత్రి భోజనాలు తొమ్మిది దాటాకే మొదలవుతాయి. ప్రిమెర్ దె మాయిగ్ వీధి చుట్టుపక్కల బార్లు పదకొండు తర్వాత నిండుతాయి, డాన్సు క్లబ్బులకు ఒంటిగంట దాటాలి. ఏప్రిల్‌లో సముద్రం చల్లగా ఉంటుంది, మామూలు రోజుల్లో జనమూ పలచనే. కాబట్టి శుక్ర, శనివారాలకు అక్కడే గది తీసుకోండి.

మీ గ్లాసును కళ్ల ముందే ఉంచుకోండి. ఎవరైనా ఫొటో తీస్తుంటే వద్దని చెప్పండి, అక్కడ దాన్ని తప్పుగా తీసుకోరు. రక్షణ లేకుండా కలిస్తే 72 గంటల లోపు ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లి, హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే పెప్ మందులు అడగండి. ఏ ఆపదకైనా నంబరు 112.

మీ హోటలు చిరునామా ఇంట్లో ఒకరికి తప్పక ఇవ్వండి. “రెండు రోజులు బీచి చూసి వస్తాను” అని చెబితే చాలు, అది అబద్ధమూ కాదు.