కారు బ్యాటరీ కొనే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: చిన్న పెట్రోల్ కారుకి బ్యాటరీ మార్చాలి. ఒక షాపువాళ్లు అమరాన్ అంటే, ఎదురు షాపువాళ్లు ఎక్సైడ్ అంటున్నారు. అసలు ఇవి ఎక్కడ తయారవుతాయి? ఏది నాణ్యమైనది? (అనంతపురం పాఠకుడు)

జవాబు: అమరాన్ మన దగ్గరి సరుకే. తిరుపతి పక్కన కరకంబాడిలోనూ, చిత్తూరు జిల్లా నూనెగుండ్లపల్లిలోనూ అమరరాజా కర్మాగారాలున్నాయి. గల్లా రామచంద్రనాయుడు 1985లో పెట్టిన సంస్థ ఇది. తర్వాత అమెరికాకు చెందిన జాన్సన్ కంట్రోల్స్ భాగస్వామిగా చేరి, 2019లో తప్పుకుంది. ఎక్సైడ్ ప్రధాన కార్యాలయం కోల్‌కతా. బెంగాల్‌లోని షామ్‌నగర్, హల్దియా, తమిళనాడు హోసూరు, మహారాష్ట్రలోని చించ్‌వడ్, తలోజా, హర్యానాలోని బావల్‌లో దాని ప్లాంట్లున్నాయి. టాటా గ్రీన్‌ది పుణె దగ్గరి రంజన్‌గావ్. టాటా ఆటోకాంప్, జపాన్ జీఎస్ యువాసా కలిసి నడిపే సంస్థ అది. ఎస్‌ఎఫ్ సోనిక్, డైనెక్స్ రెండూ ఎక్సైడ్‌వే. పవర్‌జోన్ అమరరాజాది. కాబట్టి షాపులో ఆరు పేర్లు కనిపించినా, వెనకున్న కంపెనీలు రెండో మూడో.

నాణ్యత మాటకొస్తే, అమరాన్‌కీ ఎక్సైడ్‌కీ మధ్య ఉన్న తేడా కన్నా, ఒకే కంపెనీ అమ్మే చవక రకానికీ ఖరీదు రకానికీ మధ్య తేడానే ఎక్కువ. బ్యాటరీలో సగానికి పైగా బరువు సీసం (లెడ్) లోహానిదే. ధర తగ్గించాలంటే ముందు తగ్గేది అదే: లోపలి సీసపు ప్లేటు పల్చబడుతుంది, లేదా ఒక్కో గదికి (సెల్‌కి) ఒక ప్లేటు తగ్గుతుంది. ఒకే సైజు కోడ్ ఉన్న రెండు బ్యాటరీలను తూకం వేసి చూడండి. ద్రవం నింపిన బ్యాటరీలే అయితే, బరువున్నదానిలో సీసం ఎక్కువని చాలావరకు నమ్మొచ్చు.

రెండో తేడా గ్రిడ్‌ది. ప్లేటు లోపలి జల్లెడ లాంటి చట్రాన్ని గ్రిడ్ అంటారు. పాత రకాల్లో సీసంలో యాంటిమొనీ అనే మూలకం కలిపేవాళ్లు. అది నీళ్లు బాగా తాగుతుంది, రెండు మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోయాల్సివచ్చేది. ఇప్పటి కారు బ్యాటరీల్లో కాల్షియం మిశ్రమం వాడుతున్నారు, అందుకే మూత తీసే పని లేకుండా పోయింది. సీసపు రేకును గాట్లు పెట్టి లాగి చేసిన గ్రిడ్‌కి పక్క అంచులు ఉండవు. వేడికి ప్లస్ గ్రిడ్ పెరిగి వంకర పోయినప్పుడు అది ప్లేట్ల మధ్య అడ్డుగా ఉండే సంచీ లాంటి సెపరేటర్‌ని పొడుచుకుని వస్తుంది. రేకును పంచ్ చేసి, చుట్టూ ఫ్రేము ఉంచి చేసిన గ్రిడ్ ఆ విషయంలో మెరుగు. కొనేటప్పుడు ఇది ఏ రకం గ్రిడ్ అని అడగండి. చెప్పగలిగే షాపువాళ్లు తక్కువే, అయినా అడగండి.

సైజు కోడ్ కూడా సరిచూడాలి. 38బి20ఎల్ అనే కోడ్‌లో 38 సామర్థ్యానికి గుర్తు, బి వెడల్పు-ఎత్తుల తరగతి, 20 అంటే సుమారు 20 సెంటీమీటర్ల పొడవు. చివరి ఎల్ టెర్మినళ్ల వరుసను చెబుతుంది: టెర్మినళ్లు మీ వైపు ఉండేలా నిలబడి చూస్తే ప్లస్ కుడిచేతి వైపు ఉంటుంది. ఆర్ అయితే ఎడమ వైపు. ఒకదాని బదులు ఇంకొకటి తెస్తే కేబుల్ అందదు. లాగి బిగిస్తే కొన్నాళ్లకి వదులవుతుంది.

ప్రశ్న: ఎండాకాలంలో ఇక్కడ 45 డిగ్రీలు దాటుతుంది. రెండేళ్లకే బ్యాటరీ పోతోంది. కంపెనీ మారిస్తే ఫలితం ఉంటుందా? (రామగుండం పాఠకురాలు)

జవాబు: కంపెనీ మార్చే ముందు ఒక వోల్ట్‌మీటర్ కొనండి. వేడి 10 డిగ్రీలు పెరిగితే లోపలి తుప్పు వేగం దాదాపు రెట్టింపవుతుంది. అంటే మీ ఊరి ఎండే సగం ఆయుష్షు తినేస్తోంది. మిగతా సగానికి కారణం కారులో ఉందేమో చూడాలి.

రాత్రంతా కారు కదపకుండా ఉంచి, పొద్దున్నే బానెట్ తెరిచి టెర్మినళ్ల మీద వోల్టేజీ చూడండి. 12.6 ఉంటే నిండా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. ఇంజిన్ స్టార్ట్ చేసే క్షణంలో ఇంకొకరిని మీటరు చూడమనండి. నిండా ఉన్న బ్యాటరీ కూడా 9.6 కన్నా కిందికి పడిపోతే దాని పని అయిపోవస్తున్నట్టే. ఇంజిన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు, ఏసీ వేసి చూడండి, 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దగ్గరికి వెళ్తుంటే, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ పాడైనట్టు. అలాంటి కారులో ఏ కంపెనీది పెట్టినా నీళ్లు ఆవిరై, ప్లేట్లు ఎండిపోతాయి. 13.5 కూడా దాటకపోతే రోజూ అరకొరగా చార్జ్ అయి, ప్లేట్ల మీద తెల్లటి సల్ఫేట్ గట్టిపడుతుంది. కొత్త కార్లలో కొన్ని కావాలనే వోల్టేజీ తగ్గించి పెంచుతుంటాయి, వాటికి ఈ పరీక్ష ఒక్కటే సరిపోదు.

ఇంకో పరీక్ష: మీటరు ఒక మొనను ప్లస్ టెర్మినల్ నడినెత్తిన సీసం మీద, రెండో మొనను దానికి బిగించిన క్లాంప్ మీద పెట్టి స్టార్ట్ చేయండి. 0.2 వోల్టుల కన్నా ఎక్కువ చూపిస్తే అక్కడే తేడా ఉంది. క్లాంప్ ఊడదీసి, వేడినీళ్లలో వంటసోడా కలిపి బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, బిగించాక పైన వాసెలిన్ రాయండి. ముందు రాస్తే మధ్యలో పొరలా అడ్డుపడుతుంది. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర.

మూతలు తెరుచుకునే రకమైతే, యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్‌తో ఆరు గదులూ చూడండి. ఒక్క గదిలో రీడింగు మిగతావాటికన్నా 0.050 తక్కువ ఉంటే ఆ గది పోయినట్టే, మళ్లీ చార్జింగ్ పెట్టి డబ్బులు దండగ చేసుకోవద్దు. గదుల్లో మట్టం తగ్గితే, తగ్గింది నీళ్లే కాబట్టి డిస్టిల్డ్ వాటరే పోయాలి. కొందరు మెకానిక్‌లు యాసిడ్ పోసి 'పవర్ పెంచుతారు', అది ప్లేట్లను తినేస్తుంది. మూసి ఉన్న రకాల పైన చార్జ్ ఉందని చూపించే పచ్చని కన్నుని మరీ నమ్మొద్దు. అది ఆరు గదుల్లో ఒక్కదాని సంగతే చెబుతుంది.

ప్రశ్న: సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తాను ఆగే కారు మాది. మామూలు బ్యాటరీ సగం ధరకే వస్తుందని మెకానిక్ అంటున్నాడు. (సికింద్రాబాద్ పాఠకుడు)

జవాబు: వద్దు. ఇలాంటి కార్లలో చాలావాటికి ఇచ్చే ఈఎఫ్‌బీ (మెరుగుపరచిన ద్రవ బ్యాటరీ) రకంలో ప్లేట్ల మీద సన్నటి పాలియెస్టర్ పొర ఉండి, మాటిమాటికీ ఖాళీ అయి నిండినా పదార్థం రాలిపోకుండా పట్టుకుంటుంది. మామూలుదాని ప్లేట్లకి ఆ ఓపిక లేదు. ఈఎఫ్‌బీ స్థానంలో ఏజీఎం (యాసిడ్‌ని గాజుపీచులో ఇంకించిన రకం) పెట్టుకోవచ్చు, బానెట్ కింద వేడి మరీ ఎక్కువగా ఉంటే మాత్రం దానికీ కష్టమే. ఏజీఎం ఉన్న కారుకి తక్కువ రకం పెట్టకూడదు. మైనస్ టెర్మినల్ మీద సెన్సర్ ఉంటే, జంపర్ కేబుల్ నల్లటి కొసను దానికి కాకుండా ఇంజిన్ లోహానికి తగిలించండి.

ప్రశ్న: ఇక్కడ కూడా ఎక్సైడ్ దొరుకుతోంది. మన ఎక్సైడేనా? (డాలస్ పాఠకుడు)

జవాబు: పేరొకటే, కంపెనీలు వేరు. అక్కడ ముఖ్యమైనవి రెండు: జాన్సన్ కంట్రోల్స్ బ్యాటరీ విభాగమే పేరు మారి అయిన క్లారియోస్, పెన్సిల్వేనియాలోని లయన్ స్టేషన్‌లో ఉన్న ఈస్ట్ పెన్. డెకా పేరుతో వచ్చేవి ఈస్ట్ పెన్‌వి. మీరు చూడాల్సింది సీసీఏ అంకె: మైనస్ 18 డిగ్రీల చలిలో 30 సెకన్ల పాటు 7.2 వోల్టులకి తగ్గకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చెప్పేది. కారు పుస్తకంలో ఉన్నదానికన్నా తక్కువ తీసుకోకండి. టెక్సాస్ ఎండలకి రామగుండం జవాబు కూడా పనికొస్తుంది.

ప్రశ్న: 48 నెలల వారంటీ ఉన్న బ్యాటరీ 30వ నెలలో పోయింది. ఊరికే మార్చి ఇవ్వరట! (నెల్లూరు పాఠకుడు)

జవాబు: కార్డు చూడండి. చాలావాటిలో 48 అంటే 24+24. మొదటి 24 నెలల్లో పోతే ఉచితంగా ఇస్తారు, తర్వాతి 24లో కొత్తదాని ఎమ్మార్పీ మీద కొంత శాతం తగ్గిస్తారు. మెలిక అక్కడే ఉంది. ఎమ్మార్పీ 6,000 అనుకుందాం, 30 శాతం తగ్గిస్తే 4,200. అదే షాపులో పాతది ఇచ్చి మామూలుగా కొన్నా 4,500కే రావచ్చు. లెక్క వేసుకున్నాకే వారంటీలోకి వెళ్లండి.

కొత్తది తీసుకునేటప్పుడు తయారీ నెల చూడండి. ఆరు నెలలు దాటి షాపులో పడి ఉన్నది వద్దు. అక్కడే మీటరు పెట్టించి 12.5 కన్నా తక్కువుంటే వేరేది అడగండి. వారంటీ కార్డు మీద సీరియల్ నంబరు, కారు నంబరు, ముద్ర మీ ముందే వేయించుకోండి. పాతదాన్ని రోడ్డు పక్కన సీసం కరిగించేవాళ్లకి ఇవ్వకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం దాన్ని వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే, షాపులో ఇస్తే ధరలో తగ్గిస్తారు కూడా.